వామ్సీ పోయి ఉమీద్ వచ్చె... నెల్లూరు వక్ఫ్ రికార్డు దారిలో తప్పిపోతే ఎవరిది బాధ్యత?

ఉమీద్ సెంట్రల్ పోర్టల్‌లో వక్ఫ్ ఆస్తుల వివరాలు ఎక్కించడానికి ఇచ్చిన ఆరు నెలల గడువు 2025 డిసెంబరు 6తో ముగిసింది. కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ చెప్పిన లెక్క ప్రకారం దేశం మొత్తంమీద 5,17,040 ఆస్తుల నమోదు మొదలైంది. ఆమోదం పొందినవి 2,16,905. ముతవల్లీలు పంపగా పరిశీలనలో ఉన్నవి 2,13,941. తిరస్కరించినవి 10,869. ఈ మూడూ కలిపితే 4.42 లక్షలకు మించవు. అంటే మరో 75 వేలకు పైగా ఆస్తుల నమోదు మొదలై మధ్యలోనే ఆగిపోయిందన్నమాట.

ఇవన్నీ ప్రభుత్వానికి తెలియని ఆస్తులేమీ కావు. ఉమీద్‌కు ముందు వామ్సీ అనే పోర్టల్ ఉండేది. అందులో 8.72 లక్షల స్థిరాస్తులు, 38 లక్షల ఎకరాలకు పైగా భూమి నమోదై ఉన్నాయి. అయితే ఆ పోర్టల్ కూడా చక్కగా లేదు. యాజమాన్య హక్కు పత్రాలు ఎక్కించినవి 9,279 మాత్రమే. దాదాపు సగం ఆస్తుల ప్రస్తుత పరిస్థితి ఏమిటో అందులో లేదు. పాత పోర్టల్‌ను మార్చాలన్న మాటలో తప్పులేదు. మార్చిన పద్ధతి గురించే చర్చ జరగాలి.

భారం ఎవరి మీద పడింది?

బ్యాంకు కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారితే ఖాతాదారును పిలిచి మీ పాత జమా ఖర్చులన్నీ మళ్లీ రాసివ్వమని అడగదు. ఇక్కడ జరిగింది అదే. వామ్సీలో ఉన్న ఆస్తినైనా ఉమీద్‌లో మళ్లీ మొదటి నుంచి నమోదు చేయాల్సిందే. సవరించిన చట్టంలోని 3బి సెక్షన్ ప్రకారం హద్దులు, వాడకం, ఎవరి అనుభవంలో ఉంది, ఎవరు ఎప్పుడు వక్ఫ్ చేశారు, ఏటా వచ్చే ఆదాయం, కోర్టు కేసులు ఇవన్నీ చెప్పాలి. ముతవల్లీ ఎక్కిస్తే బోర్డు స్థాయిలో పరిశీలిస్తారు, ఆపైన మరో అధికారి ఆమోదించాలి. పాత తప్పులు కొత్త పోర్టల్‌లోకి రాకూడదంటే ఇలా మళ్లీ పరిశీలించడం మంచిదే అనుకోవచ్చు. కానీ బోర్డులు, సర్వే శాఖ ఏళ్ల తరబడి చేయలేకపోయిన పనిని ఊరి మసీదు కమిటీ ఆరు నెలల్లో చేయాలన్నారు.

నెల్లూరు సంగతి వేరు

పెద్ద దర్గాల్లో రాత పని చూసే మనుషులుంటారు. స్వర్ణాల చెరువు ఒడ్డున బారా షహీద్ దర్గా, కసుమూరు, ఏఎస్ పేట దర్గాలు అందరికీ తెలిసినవే. చిక్కంతా అల్లూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు ఊళ్లలోని చిన్న మసీదు, ఆషూర్‌ఖానా, ఖబరస్తాన్‌లది. చాలాచోట్ల పాత కాగితం ఉర్దూ చేతిరాతలో ఉంటుంది. దాన్ని చదివేవాళ్లే తగ్గిపోయారు.

దానికి తోడు ఊరి చిరునామాయే మారిపోయింది. పాత గెజిట్‌లో ‘నెల్లూరు జిల్లా’ అని ఉన్నంత మాత్రాన ఆ ఊరు ఇప్పుడు నెల్లూరులోనే ఉందని చెప్పలేం. కందుకూరు 1970లో కొత్త జిల్లాలోకి పోయింది. దానికే తర్వాత ప్రకాశం అని పేరొచ్చింది. 2022లో కందుకూరు మళ్లీ నెల్లూరుకు వచ్చింది. అదే ఏడాది గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి తిరుపతి జిల్లాలో కలిశాయి. ఇక 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. గెజిట్‌లో ఒక నంబరు, రెవెన్యూ వెబ్‌ల్యాండ్‌లో ఇంకో నంబరు. రెండూ ఒకే భూమి అని ముతవల్లీ ఎలా రుజువు చేయాలి? ఆ జత కుదర్చగలిగింది తహసీల్దారు, సర్వేయరే.

రొయ్యల చెరువులు, ఓడరేవు, పరిశ్రమల వల్ల ఈ తీరంలో సెంటు భూమికీ విలువ పెరిగింది. ఇలాంటిచోట నమోదులో దొర్లిన ఒక్క అంకె తప్పు రేపు ఆక్రమణదారుకు ఆధారమవుతుంది.

ధరణి చెప్పిన పాఠం

తెలుగువాళ్లకు ఇది కొత్త అనుభవమేం కాదు. తెలంగాణలో 2020 అక్టోబరు 29న ధరణి మొదలైంది. రికార్డుల తగాదాలు తేలకుండానే కొత్త వ్యవస్థ వచ్చేసింది. కంప్యూటర్‌లో తన సర్వే నంబరు కనబడక, కనబడినా నిషేధిత జాబితాలో ఉండడంతో రైతులు కలెక్టరేట్ల చుట్టూ తిరిగారు. చివరికి 2025 ఏప్రిల్ 14న భూభారతిని తేవాల్సి వచ్చింది. పోర్టల్ పేరు మారినా కింద ఉన్న రికార్డు సరికాకపోతే తగాదా అలాగే ఉంటుంది.

ఇప్పుడేం చేయాలి?

గడువు పెంచడానికి సుప్రీంకోర్టు డిసెంబరు 1న ఒప్పుకోలేదు. చట్టం ప్రకారం వక్ఫ్ ట్రిబ్యునల్‌కు వెళ్లమంది. తగిన కారణం చూపితే ట్రిబ్యునల్ మరో ఆరు నెలల వరకు సమయం ఇవ్వొచ్చు. మూడు నెలల పాటు జరిమానాలు, కఠిన చర్యలు ఉండవని 2025 డిసెంబరులో మంత్రి కిరణ్ రిజిజు చెప్పారు.

రాష్ట్ర వక్ఫ్ బోర్డు చైర్మన్ అబ్దుల్ అజీజ్ నెల్లూరు మాజీ మేయరే. ఈ జిల్లా భూముల సంగతి ఆయనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. గెజిట్, వామ్సీ నమోదు, 22ఎ నిషేధిత జాబితా, వెబ్‌ల్యాండ్ ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి గ్రామాల వారీగా ఒకే పట్టిక తయారు చేయించాలి. మండలానికో శిబిరం పెట్టి సర్వేయర్‌ను, ఉర్దూ చదవగలిగిన మనిషిని కూర్చోబెట్టాలి. తిరస్కరించిన ప్రతి దరఖాస్తుకూ కారణం ముతవల్లీకి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. వామ్సీ సమాచారాన్ని చెరిపేయకుండా, ఎవరైనా చూసుకునేలా భద్రపరచాలి. కొత్త పోర్టల్‌లో ఒక ఆస్తి కనబడకపోతే, అది ఒకప్పుడు ఉండేదని చూపడానికి మిగిలేది ఆ పాత నమోదే.

కమిటీలు కూడా చేతులు కట్టుకు కూర్చోకూడదు. గెజిట్ నకలు, వామ్సీ ప్రింటు, పన్ను రసీదు, కరెంటు బిల్లు ఏది దొరికినా ఒక ఫైలులో పెట్టి, ఈ వారమే వక్ఫ్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించాలి.