పట్టములు హెచ్చినవి; ఆరోగ్య మేది?

న్యాయస్థానమున డిక్రీ పొంది, దానిని పెట్టెలో దాచి, అమలు కోరని వాదిని లోకము తెలివిమాలినవాడనును. వైద్యవిద్యా విషయమున మన దేశ మట్టి వాదియే యైనది. 1943లో నియమింపబడి 1946లో నివేదిక నొసగిన భోర్ సంఘము మనకు చక్కని డిక్రీ నిచ్చెను. దానిని మెచ్చని ప్రభుత్వము లేదు. పూర్తిగ అమలు జరిపిన ప్రభుత్వమును లేదు.

ఆ సంఘము చూచిన దేశ మెట్టిది? 6,300 మందికొక వైద్యుడు. 43,000 మందికొక నర్సు. వైద్యులలో అధికసంఖ్యాకులు పట్టభద్రులు కారు, లైసెన్షియేటులు. ఇకమీదట దేశమున నొకే తరగతి వైద్యుడుండవలెననియు, అతడు పట్టభద్రుడు కావలెననియు సంఘము సూచించెను. కొందరు సభ్యులు భిన్నాభిప్రాయమును వ్రాసిరి. కాని యీ సూచనతో నొక షరతు ముడివడి యుండెను. ప్రతి వైద్యవిద్యార్థికిని రోగనివారణమునందును, సామాజిక వైద్యమునందును మూడు నెలల శిక్షణ మీయవలెను. అతడు రోగికే కాక సంఘమునకును వైద్యుడు కావలెను. మన మేమి చేసితిమి? లైసెన్షియేటు పాఠశాలలను మూసితిమి, పట్టము నుంచుకొంటిమి, షరతును పాఠ్యపుస్తకమున నొక ప్రకరణముగ మార్చితిమి.

పల్లెకు పోయిన శాస్త్ర మేమి చేయగలదో తెలుగువారికి వేఱుగ చెప్పనక్కరలేదు. నాటి నెల్లూరు జిల్లాలోని కొన్ని గ్రామములలో జనులు నడుములు కొయ్యబారి, మెడ త్రిప్పలేక బాధపడుచుండిరి. 1937లో షార్ట్ గారును వారి సహచరులును ఆ రోగమును వర్ణించి ప్రకటించిరి. వారు రోగుల ఎముకలను చూచుటతో నాగక, వారు త్రాగు నీటిని పరీక్షించిరి. దోషము నీటిలోని ఫ్లోరైడుదని తేలెను. ఆస్పత్రి మంచముకడ నెన్నియేండ్లు కూర్చున్నను ఆ రోగమునకు మందు దొరకదు. మందు బావియొద్ద నున్నది. పిదప నాగపూరు శాస్త్రజ్ఞులు పటికతోను సున్నముతోను నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని రూపొందించిరి. ఆ పద్ధతి నల్లగొండ పేరనే ప్రసిద్ధి కెక్కుట మన దుఃఖమునకును సాక్ష్యమే.

ఇక నేటి సంగతి. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున మూత్రపిండముల రోగము ఏండ్ల తరబడి కుటుంబములను కూల్చుచున్నది. 2023లో పలాసయందు ఆస్పత్రియు పరిశోధన కేంద్రమును తెఱచిరి. సంతోషము. కాని నీరా, ఎండలోని శ్రమయా, మఱియొకటియా, రోగమునకు మూలకారణము సందేహాతీతముగ తేలలేదు. డయాలిసిస్ యంత్రము నేటి రోగి ప్రాణమును నిలుపును. రేపటి రోగి రాకను ఆపజాలదు.

"బావులును మురుగుకాల్వలును పంచాయతీల పని, వైద్యుడు రోగిని చూచిన చాలదా?" అనువారు కలరు. ఇంటికి నిప్పంటుకొన్నప్పుడు కాలినవానికి కట్టుకట్టి, నిప్పు నార్పుట నా పని కాదనుట వంటిదీ వాదము. యువవైద్యులు స్వార్థపరులై పల్లెకు పోరని నిందించువారును కలరు. ఆ నింద న్యాయము కాదు. అయిదున్నర యేండ్లలో నధికభాగము పెద్ద ఆస్పత్రి గోడలలోపల పెంచి, పల్లెను కొలది వారములు మాత్రము చూపి, ఆ వారములలోనైనను ఉన్నతపట్టపు ప్రవేశపరీక్షకు పుస్తకము పట్టుకొనక తప్పని స్థితి కల్పించి, పల్లెను ప్రేమింపలేదని నిందించుట యెట్లు?

ప్రయత్నములు లేకపోలేదు. ప్రతి వైద్యకళాశాలయు మూడు ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల భారము వహింపవలెనని 1977లో నొక పథకము వచ్చెను. ఇటీవల విద్యార్థులు కొన్ని కుటుంబములను దత్తు తీసికొనవలెనను నియమము వచ్చెను. నియమము మంచిదే. కాని విద్యార్థి రక్తపుపోటు కొలిచి, పుస్తకమున వ్రాసికొని, బస్సెక్కుటతో అది ముగిసినచో దత్తత కాదు, తీర్థయాత్ర యగును.

కావున మే మడుగున దిది. ప్రతి వైద్యకళాశాలకును నిర్ణీతమైన కొన్ని గ్రామముల ఆరోగ్యభార మప్పగింపవలెను. అచ్చటి జననమరణములు, త్రాగునీటి స్థితి, ప్రబలిన రోగములు ఏటేట తెలుగున ప్రకటింపవలెను. విద్యార్థి గురువుతో కూడ నచ్చటనే కొన్ని నెలలు నివసింపవలెను. ఆ పని పరీక్షలో శస్త్రచికిత్సతో సమానముగ లెక్కకు రావలెను. కళాశాల పరిశోధన ఆ గ్రామముల ప్రశ్నలనుండియే పుట్టవలెను. పల్లెలో వైద్యుడు నిలుచుటకు ఇల్లును, మందులును, నర్సులును ప్రభుత్వము సమకూర్పవలెను. ఇవి లేక త్యాగమును బోధించుట వంచన.

పాఠకులారా! మీ జిల్లాలోని వైద్యకళాశాల ఏ గ్రామముల బాధ్యత వహించినదో, అచ్చట నేమి మాఱినదో మీ ప్రతినిధి నడుగుడు. డిక్రీ అమలునకు చట్టము 12 ఏండ్ల గడువిచ్చును. ప్రజల ప్రాణములకు సంబంధించిన యీ డిక్రీకి మాత్రము కాలదోషము పట్టదు. అమలు దరఖాస్తు వేయవలసినవారము మనమే.