రూపాయికి ఏడు రూపాయలట!

మా అబ్బాయికి మూడేళ్ళు నిండాయి. దాంతో ఈ మధ్య ప్లేస్కూళ్ళ చుట్టూ తిరుగుతున్నా. ఫీజు లక్ష దాటగానే మన మొహం చూసి వాళ్ళు తీసే అస్త్రం ఒకటుంది. చిన్నప్పటి చదువు మీద పెట్టే ప్రతి రూపాయీ ఏడు రూపాయలై తిరిగొస్తుందని పరిశోధనలో తేలిందట. ఏ పరిశోధన, ఎంతమంది పిల్లల మీద అని అడిగితే కౌంటర్లో అమ్మాయి నవ్వి ఇంకో బ్రోషరు ఇచ్చింది.

ఆ ఏడు ఎక్కువగా వినపడేది పెర్రీ ప్రీస్కూల్ అనే ప్రయోగం లెక్కల్లో. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, ఇప్సిలాంటి అనే ఊరు, 1962లో మొదలు. పిల్లలు మొత్తం 123 మంది. వేలు కాదండోయ్, అక్షరాలా నూట ఇరవై మూడు! మనం ఒక బటన్ రంగు మార్చడానికే ఏ/బీ టెస్టుకి లక్షమంది యూజర్లు కావాలంటాం. అందరూ పేద నల్లజాతి కుటుంబాల పిల్లలు. 58 మందిని బడిలో చేర్చుకున్నారు, 65 మందిని చేర్చుకోలేదు.

అలాగని దాన్ని తీసిపారెయ్యలేం. బడికెళ్ళిన పిల్లల ఐక్యూ మొదట పెరిగింది, ప్రాథమిక పాఠశాల పూర్తయ్యేలోపే ఆ తేడా కరిగిపోయింది. అక్కడితో ఆపేసుంటే ప్రయోగం ఫెయిల్ అని ఫైలు మూసేసేవాళ్ళు. కానీ వాళ్ళని నలభై ఏళ్ళొచ్చేదాకా వెంబడించారు. అయిదుసార్లకి తగ్గకుండా అరెస్టయినవాళ్ళు బడికెళ్ళిన గ్రూపులో 36 శాతం, రెండో గ్రూపులో 55 శాతం. ఇంత ఓపికగా లాగులు దాచిన ప్రాజెక్టు నేనైతే చూళ్ళేదు :)

లాటరీ కూడా పూర్తిగా శుద్ధం కాదు. టీచర్లు వారం వారం ఇంటికొచ్చి తల్లితో మాట్లాడాలి, ఉద్యోగాలు చేసే తల్లులకి అది కుదరదు. అందుకని కొంతమంది పిల్లల్ని తర్వాత రెండో గ్రూపుకి మార్చారు. ప్రొడక్షన్లో చేత్తో పెట్టిన ప్యాచ్ లాంటిదన్నమాట. ఆర్థికవేత్త జేమ్స్ హెక్మన్ బృందం ఇలాంటివన్నీ లెక్కలోకి తీసుకుని 2010లో మళ్ళీ కట్టింది. ప్రతిఫలం ఏడాదికి 7 నుంచి 10 శాతం అంది. గమనించారా, శాతం! అది కూడా ఎక్కువభాగం నేరాలు తగ్గి సమాజానికి మిగిలిన సొమ్ము. మీ అబ్బాయి జేబులోకి వచ్చేది కాదు.

బ్రోషర్లలో ఎప్పుడూ కనపడనిది టెనెసీ. అక్కడ ప్రభుత్వం నడిపే ప్రీ-కేలో సీట్లకన్నా దరఖాస్తులు ఎక్కువైన చోట లాటరీ తీశారు. పేదింటి పిల్లలే, 2,990 మంది. ఏడాది చివర సీటు వచ్చినవాళ్ళే ముందున్నారు. 2022లో అచ్చయిన ఫలితాల్లో మాత్రం, ఆరో తరగతికొచ్చేసరికి వాళ్ళకే మార్కులు తక్కువ, క్రమశిక్షణ ఫిర్యాదులు ఎక్కువ. నమూనా పెద్దది, ఫలితం తలకిందులు!

రెండూ నిజమే అయ్యుండొచ్చు. ఎందుకంటే బీ గ్రూపులో ఏముందన్నదే అసలు ప్రశ్న. పెర్రీలో బడికి పోనివాళ్ళకి 1960ల నాటి పేదరికం తప్ప వేరే బడి లేదు. టెనెసీలో సీటు రానివాళ్ళలో కొందరికి వేరే ప్రీస్కూలు దొరికింది. మా వాడికి బీ గ్రూపంటే ఇంట్లో అమ్మమ్మ, కథలు, పెరట్లో మట్టి. దానితో పోల్చి కొలిచింది నాకైతే కనపడలేదు.

ఏ గ్రూపూ ఒకటి కాదనుకోండి. పెర్రీలో ఆరుగురు పిల్లలకి దాదాపు ఒక టీచరు, రోజుకి రెండున్నర గంటలు, ఆటలు ఎక్కువ. నేను చూసిన మూడు స్కూళ్ళలో పాతికమందికి ఒక టీచరమ్మ, ఒక ఆయా. మూడేళ్ళ వాళ్ళ చేత ఏబీసీడీలు దిద్దిస్తున్నారు. తెలంగాణ కూడా ఉన్న ఒక పెద్ద అధ్యయనం 2017లో ఈ మాటే చెప్పింది, ప్రైవేటు ప్రీస్కూళ్ళు ఒకటో తరగతిని కిందికి లాగినట్టే ఉన్నాయని.

క్లాసులో ఒక మూల అరగంట కూర్చుని చూస్తానని మూడుచోట్లా అడిగాను. రూల్సు ఒప్పుకోవన్నారు. సీసీ కెమెరా యాప్ మాత్రం ఇస్తారట, ఫీజు కట్టాక.