మౌనము అర్ధాంగీకారమా?

“మౌనము అర్ధాంగీకారము” అని పెద్దలందురు. కంప్యూటరు విషయమున నది సంపూర్ణాంగీకారమే యని మా యభిప్రాయము.

30 కంప్యూటర్లున్న పాఠశాల గదిలో నొక క్రొత్త సాఫ్టువేరు నెక్కింపవలెననిన, ప్రతి యంత్రము నెదుట గూర్చుండి, అది యడుగు ప్రశ్నల కన్నిటికిని మీట నొక్కవలసి యుండును. ఈ శ్రమ తప్పించుటకై యుత్తరములను ముందే సిద్ధపరచి, తెరపై నేమియు గనబడకుండ నన్ని యంత్రములందును ఒక్కసారిగ నెక్కించు పద్ధతి గలదు. విండోసునందు ఎం.ఎస్.ఐ. ప్యాకేజీకి మన మార్పులను జేర్చుటకు ఎం.ఎస్.టి. ఫైలును, ప్రశ్నలను మాన్పుటకు “క్వయట్” అను నాజ్ఞయు నున్నవి.

ఈ పద్ధతి యావశ్యకమే. 2017 మార్చిలో మైక్రోసాఫ్టువారు విండోసులోని యొక లోపమునకు సవరణను వెలువరించిరి. దాని నెక్కించుకొనని యంత్రములను మే నెలలో వాన్నాక్రై యను వైరసు దేశదేశములందు పట్టుకొని, ఫైళ్లకు తాళము వేసి ధనమడిగెను. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్నియు దాని వాత బడెను. ఒక్కొక్క యంత్రముకడ గూర్చుండి సవరణల నెక్కించువారికి రెండు నెలల గడువు చాలకపోవచ్చును.

అయినను మన రేవునకు వచ్చు కంటెయినరును జూడుడు. ముద్ర వేసిన పెట్టెను మోయువారు విప్పిచూడరు. పట్టిక వ్రాసినవాని జాగ్రత్తయే వారికాధారము. ఇదియు నట్టిదే. లిబ్రె ఆఫీసునకు తెలుగు మెనూలు గలవు; ఆజ్ఞలో నొక్క మాట చేర్చిన నవి వచ్చును. ఆ మాటను మరచినచో, తెలుగు గలదనియే యెరుగక బాలబాలికలు ఇంగ్లీషుతో సరిపెట్టుకొందురు. అట్లే “నోరీస్టార్టు” అను మాటను మరచినచో, యంత్రము చెప్పకయే యాగి మరల మొదలై, విద్యార్థి భద్రపరచని వ్యాసమును మ్రింగివేయవచ్చును.

కావున ఏ సాఫ్టువేరునైనను ముందుగ నొక్క యంత్రముపై పరీక్షింపవలెను. జరిగినదంతయు లాగ్ ఫైలున నమోదు కావలెను. అన్నిటికంటె ముఖ్యముగ, మన తరఫున నే యుత్తరములు వ్రాయబడినవో యా గది గోడపై తెలుగున ప్రకటింపవలెను. వానిని జదివి సందేహముల నడుగుట విద్యార్థుల విధి. ఈ సంవత్సరమే మన పాఠశాలయం దీ యలవాటు నారంభింపవలసినదిగ నుపాధ్యాయవర్యులను వినయపూర్వకముగ ప్రార్థించుచున్నాము.