మీటరు ఎర్రగా వెలిగితే విషమేనా?

పైన వీడియోలో నా చేతిలో చిన్న డబ్బా చూశారు కదా, అది గాలి నాణ్యత మీటరు. ఆన్‌లైన్‌లో కొన్నా. పోయిన నెల దీన్ని పట్టుకుని నేనొక తప్పు చేశా. ఆ సంగతే ఈ నాలుగు మాటలు.

పక్క చేను బాబాయి మిరపకు మందు కొడుతుంటే గట్టు మీద నిలబడి మీటరు పెట్టా. 'టీవీఓసీ' అన్న చోట అంకె పైకి పోయి ఎర్ర లైటు వెలిగింది. "విషం మన చేలోకి ఎలా వస్తోందో చూడండి" అని వీడియో పెట్టేశా. రెండో రోజు బాబాయి వచ్చాడు. కోప్పడలేదు. "ఏదీ అబ్బాయ్, ఆ డబ్బా నీ జీవామృతం డ్రమ్ము దగ్గర పెట్టు" అన్నాడు. పెట్టా. ముందు రోజు కంటే పెద్ద అంకె, అదే ఎర్ర లైటు. నాకు నోట మాట రాలేదు.

ఎందుకలా అని తర్వాత చదువుకున్నా. వీఓసీలంటే మామూలు వేడికే ఆవిరై గాలిలో కలిసే కర్బన పదార్థాలు. పెట్రోలు, థిన్నరు వాసనలు అవే. తులసి, నిమ్మగడ్డి, కోసిన పచ్చగడ్డి వాసనలూ అవే. డ్రమ్ములో బెల్లం, పేడ పులిసేటప్పుడు ఆల్కహాలు, ఆమ్లాల ఆవిర్లు వస్తాయి. తక్కువ ధర మీటర్లలో సాధారణంగా ఉండే సెన్సరు ఏది ఏమిటో పేరు చెప్పదు. అన్నీ కలిపి ఒకే అంకె చూపిస్తుంది. అసలు వీఓసీనే కాని అమ్మోనియా తగిలినా, గాలిలో తేమ మారినా అంకె కదులుతుంది.

అయితే మందు మంచిదేనా? అదీ కాదు. ఈసీ అని రాసి ఉండే ద్రవ మందుల్లో ద్రావకాలు ఉంటాయి. ఘాటు వాసనలో చాలా భాగం వాటిదే, మీటరు పట్టేదీ ఎక్కువగా వాటినే. పొడి మందు నీళ్లలో కలిపి కొడితే మీటరు కదలకపోవచ్చు. తేలిగ్గా ఆవిరి కాని మందులు తుంపరగా మన మీద పడినా ఈ డబ్బాకు తెలియదు. పచ్చ లైటు వెలిగిందని గాలి శుభ్రమని అనుకోకండి. లింగాకర్షక బుట్టలోని ఎర దగ్గర పెట్టి చూశా, అంకె కదల్లేదు. మగ రెక్కల పురుగు మాత్రం అదే వాసన పట్టుకుని వచ్చి బుట్టలో పడుతోంది!

నా అభిప్రాయం ఒక్కటే. పేరు తెలియని అంకెతో ఎవరినీ నిందించకూడదు. మన దేశ గాలి ప్రమాణాల్లో 2009 నుంచి బెంజీన్‌కు పరిమితి ఉంది, ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు. 'మొత్తం వీఓసీ' అనే అంకెకు ఆ జాబితాలో పరిమితే లేదు. పదార్థం పేరు తెలిస్తేనే అధికారిని అడగగలం.

మరి ఊరి పక్కన ఫ్యాక్టరీ ఉండి నిజంగానే అనుమానం ఉంటే? తమిళనాడు కడలూరు సిప్కాట్ పారిశ్రామికవాడ దగ్గర గ్రామస్థులు 2004లో బకెట్ పద్ధతి వాడారు. మూత బిగించిన ప్లాస్టిక్ బకెట్‌లో ప్రత్యేకమైన సంచి పెట్టి, బకెట్‌లోని గాలి లాగేస్తే బయటి గాలి సంచిలోకి వస్తుంది. దాన్ని ల్యాబుకు పంపితే ఏ రసాయనం ఎంత ఉందో విడివిడిగా చెబుతారు. ఖర్చు ఉంటుంది కాబట్టి ఊరంతా కలిసి చేయాల్సిన పని.

అంతకు ముందు మనం చేయగలిగింది ఒకటుంది. ఒక నోటు పుస్తకం పెట్టండి. తేదీ, సమయం, గాలి ఎటు నుంచి వీస్తోంది, ఏ వాసన వచ్చింది, కళ్లు మండాయా, తలనొప్పి వచ్చిందా, అన్నీ రాయండి. మీటరు ఉంటే రోజూ ఒకే చోట, ఒకే ఎత్తులో, డ్రమ్ముకు దూరంగా పెట్టి చూడండి. మామూలు రోజు అంకె తెలియకపోతే చెడ్డ రోజు అంకెకు అర్థం లేదు.

ప్రకృతి వ్యవసాయంలో ఉన్న మనం ఎదుటివాళ్లను రుజువు అడుగుతుంటాం. మన రుజువు ఇంకా గట్టిగా ఉండాలి. లేదంటే రేపు ఎవరో ఇదే మీటరు పట్టుకుని "జీవామృతం విషం" అని వీడియో పెడతారు, మన దగ్గర జవాబు ఉండదు. ఆ పాత వీడియో తీసేశా. బాబాయికి క్షమాపణ చెప్పా. ఇప్పుడు ఆయన మందు కొట్టే ముందు రోజు ఫోన్ చేసి చెబుతున్నాడు, నేను గట్టు వైపు పని పెట్టుకోవడం లేదు.