డ్రెయిను పూడిక జన్యువు తీయదు

"ముంపుకు తట్టుకునే వంగడం ఉందిగా, చౌడుకు తట్టుకునేదీ వస్తోందిగా, ఇంకా డ్రెయిన్ల గొడవెందుకు?" అని గుడివాడ వైపు మీటింగుల్లో అధికారులు మనల్నే అడుగుతున్నారు. జవాబు ఆ సైన్సులోనే ఉంది.

మార్టేరు ఇచ్చిన స్వర్ణ మనందరికీ తెలిసిందే. నీట మునిగితే మొక్క గాలి కోసం పైకి సాగి, ఒంట్లో దాచుకున్నదంతా ఖర్చు పెట్టుకుని కుళ్లిపోతుంది. 2009లో విడుదలైన స్వర్ణ సబ్-1 అలా కాదు. మునిగిన మొక్కలో ఇథిలీన్ వాయువు పేరుకోగానే సబ్-1ఏ అనే జన్యువు మేల్కొంటుంది. పెరుగుదల ఆపి, తిండి దాచుకుని, నీరు తీశాక మళ్లీ చిగురేస్తుంది. ఆ జన్యువు ప్రయోగశాలలో పుట్టింది కాదు, ఒడిశా రైతులు తరతరాలుగా కాపాడుకున్న నాటు వరిలోది.

మంచి విత్తనమే. కానీ దాని ఓర్పుకు గడువు దాదాపు రెండు వారాలు, అదీ మొక్క ఎదిగే దశలో. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చింది కోతల వేళ. పడిపోయి నానిన చేలో మొలకెత్తే గింజను ఏ సబ్-1 ఆపుతుంది? గుర్రపుడెక్కతో పూడిన డ్రెయినులో నీరు కదలకపోతే గడువు దాటుతుంది. అంతే.

ఇక చౌడు. 2025 మేలో కేంద్రం ప్రకటించిన జన్యు సవరణ వరి పూసా డీఎస్‌టీ-1, మన మార్టేరు ఎం.టి.యు. 1010లో ఒక జన్యువును పని చేయకుండా చేసి తయారు చేసినదే. రెండోది బాపట్ల సాంబమసూరి నుంచి వచ్చింది. అంటే సరుకు మనది. సవరించే క్రిస్పర్ పద్ధతి మీద మాత్రం విదేశీ పేటెంట్లున్నాయి! పైగా 2022లోనే కేంద్రం ఇలాంటి పంటలను జన్యుమార్పిడి నిబంధనల్లో ముఖ్యమైన వాటి నుంచి మినహాయించింది. చౌడు నేలల్లో 30 శాతం దాకా అదనపు దిగుబడి అన్నారు. నాగాయలంక, కోడూరు చేలల్లో పండించి చూపించి, లెక్కలు తెలుగులో మన ముందు పెట్టమనండి.

పోటు వేళ సముద్రపు నీరు డ్రెయిన్లలోకి ఎగదన్నుతుంది. శివారుకు కాలువ నీరు చాలినంత రాకపోతే ఆ ఉప్పు కడుక్కుపోదు. మొక్క ఉప్పును ఓర్చుకోవచ్చు గానీ నేలలోంచి తీయలేదు.

2001 చట్టం 39వ సెక్షన్ కింద విత్తనం దాచుకునే, పంచుకునే హక్కు ఈ వంగడాలకూ ఉంటుందని ప్రభుత్వం రాతపూర్వకంగా చెప్పాలి. మన గ్రామ కమిటీలు ఏ డ్రెయిను ఎక్కడ పూడిందో, ఏ స్లూయిజు తలుపు పని చేయడం లేదో ఈ నెలలోనే రాసి మండల కమిటీకి అందించాలి. నారుమళ్లు పోసేలోగా పూడిక తీయించాలి.