అత్తయ్యగారి గిన్నెకు కళాయి

పోయిన సంక్రాంతికి చుట్టాలొస్తున్నారని అటక మీదున్న మా అత్తయ్యగారి పెద్ద ఇత్తడి గిన్నె దించాను. చింతపండు పెట్టి తోమితే బంగారంలా మెరిసింది. మురిసిపోయి పులిహోరకి పులుసు అందులోనే కాచి, రాత్రంతా అలాగే ఉంచేశాను. పొద్దున్న అన్నంలో కలిపాక చూద్దును గదా, గిన్నె అంచు చుట్టూ ఆకుపచ్చటి కిలుం! అప్పటికే మా చిన్నాడు నాలుగు ముద్దలు తినేసి వాంతి చేసుకున్నాడు. "లోపల కళాయి పోయిన గిన్నెలో పులుపు వండుతారా అమ్మాయీ?" అని అత్తయ్య తలపట్టుకున్నారు. పులిహోరంతా పారబోశాను.

కళాయి అంటే మరేం కాదు, తగరం పూత. ఇత్తడిలో ఉండేది రాగి, జింకు. పులుపు తగిలితే రాగి కరిగి వంటలోకి దిగుతుంది. తగరం పులుపుకి అంత తొందరగా లొంగదు. అందుకే లోపల దాన్ని పూస్తారు. మనవాళ్లు చారు కాచుకునే సత్తు గిన్నె కూడా అసలైతే తగరానిదే. ఇప్పుడు అల్యూమినియాన్ని కూడా సత్తు అనేస్తున్నాం.

రాగిలో తగరం కలిపితే కంచు. మొహెంజొదారోలో దొరికిన నాట్యకత్తె బొమ్మ కంచుదే. అంటే నాలుగు వేల ఏళ్ల పైమాటే! 1810లో పీటర్ డ్యురాండ్ అనే ఆయన లండన్‌లో రేకు డబ్బాల్లో ఆహారం నిలవ చేయడానికి పేటెంటు తీసుకున్నాడు. ఆ డబ్బా నిజానికి ఇనుమే, తుప్పు పట్టకుండా పైన పల్చగా తగరం. మనం మాత్రం డబ్బా మొత్తాన్నీ 'టిన్ను' అనేస్తాం!

మన దేశంలో ఈ ఖనిజం చెప్పుకోదగ్గట్టు దొరికేది బస్తర్ వైపే. చాలావరకు బయటి దేశాల నుంచే రావాలి. ఖరీదు ఎక్కువ. అక్కడే వస్తుంది చిక్కు.

వెతగ్గా వెతగ్గా ఒక కళాయి ఆయన దొరికాడు. సగం ధరకే వేస్తానన్నాడు. చేతిలో కడ్డీ చూస్తే రేడియోలు అతికే సోల్డరింగ్‌ది. అందులో తగరంతో పాటు సీసం ఉంటుంది. సీసం ఒంట్లో చేరితే పిల్లల మెదడు ఎదుగుదలకే దెబ్బ. తెల్లగా మెరుస్తుంటే ఏది ఏదో కంటితో పోల్చుకోలేం. వద్దని చెప్పి పంపేశాను. రెండో ఆయన అచ్చమైన తగరం కడ్డీ అని దుకాణం బిల్లు చూపించాకే గిన్నె ఇచ్చాను. బొగ్గుల మీద గిన్నె కాల్చి, నవసాగరం పొడి చల్లాడు. గుప్పున తెల్లటి పొగ! కడ్డీ ఆనించి దూదితో చకచకా తిప్పేసరికి లోపలంతా వెండిలా అయిపోయింది. మా పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు.

ఒక్క జాగ్రత్త. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది. లోపల చారు మరుగుతున్నంతసేపూ వేడి నూరు డిగ్రీల దగ్గరే ఉంటుంది కాబట్టి భయం లేదు. ఖాళీ సత్తు గిన్నె పొయ్యి మీద పెట్టి ఫోనెత్తితే మాత్రం గిన్నె దక్కదు. ముందు చారు పోసి, తర్వాతే స్టవ్ వెలిగించండి. పోపు ఎప్పుడూ వేరే గరిటెలోనే. కళాయి గిన్నెలకి స్టీలు పీచు తగలనివ్వకండి, కొబ్బరి పీచుతో మెత్తగా తోమితే చాలు. లోపల ఎర్రగానో పచ్చగానో మచ్చ కనిపించిందా, ఆ గిన్నెను పులుసుకి వాడకండి.

మొన్న ఆదివారం ఆ గిన్నెలోనే మళ్లీ పులిహోర పులుసు కాచాను. ఈసారి ముందు రుచి చూసింది అత్తయ్యే.