అవధానం కుదరని పిల్లలు

ఈసారి పద్యాన్ని గూర్చి కాదు, నేను ఉపాధ్యాయునిగా చేసిన ఒక తప్పును గూర్చి వ్రాస్తున్నాను. చాలాకాలంగా వ్రాయాలనే ఉన్నది, చేయి ఆడలేదు.

1994లో నేను ఎమ్మిగనూరు ప్రాంతంలో ఒక పాఠశాలలో ఏడవ తరగతికి తెలుగు చెప్పేవాణ్ణి. తరగతిలో అరవైమంది. వారిలో ఒక చేనేత కుటుంబపు పిల్లవాడు పది నిమిషాలు బెంచీ మీద నిలిచిన రోజు లేదు. ప్రశ్న సగంలో ఉండగానే సమాధానం చెప్పేవాడు. నోటుపుస్తకంలో మొదటి పంక్తి ముత్యాల వంటి అక్షరాలు, మూడవ పంక్తిలో మాటలు మాయం, అయిదవ పంక్తి ఖాళీ. వారానికొక పెన్ను పోగొట్టేవాడు. గోడకుర్చీ వేయించాను, తొడపాశం పెట్టాను, బెత్తమూ వాడాను. తల్లిని పిలిపిస్తే ఆమె, "ఇంట్లోనూ ఇంతే సార్, కండెలు చుట్టమంటే సగంలో లేసిపోతాడు" అన్నది. అయితే అదే పిల్లవాడు పాడైన ట్రాన్సిస్టరు రేడియో దొరికితే మధ్యాహ్నమంతా కదలకుండా దానిని విప్పుతూ కూర్చునేవాడు. ఇంకేమున్నది, ఇష్టమైతే కూర్చుంటాడు, పాఠమంటే పొగరు అని తీర్మానించాను. అతడు పదవ తరగతి దాటలేదు.

నిరుడు దసరాకు ముందు ఆదోనిలో మా యింటికి వచ్చాడు, ఎనిమిదేళ్ళ కొడుకును వెంటబెట్టుకొని. "మావానికి ఏడీహెచ్‌డీ అంటున్నారు సార్. డాక్టరు నా చిన్నప్పటి సంగతులు గూడా అడిగినాడు. ఆయన అడిగినవన్నీ మీ క్లాసులో జరిగినవే సార్" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

అటెన్షన్ డెఫిసిట్ హైపరాక్టివిటీ డిజార్డర్ అని దాని పూర్తి పేరు. తెలుగులో అవధాన లోపమని వ్రాస్తున్నారు. పండితుడిని కనుక నాకు ఆ మాట దగ్గర ఆగిపోవాలనిపించింది. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులలో అప్రస్తుత ప్రసంగి ఒకడుంటాడు. అవధాని సమస్యాపూరణలో మునిగి ఉండగా ఇతడు "మీ ఊళ్ళో వంకాయలు ఎంతండీ?" అని అడుగుతాడు. అవధాని అతడికి చమత్కారంగా జవాబు చెప్పి మళ్ళీ పద్యపాదాన్ని పట్టుకుంటాడు. ఈ పిల్లలలో ఆ పట్టుకోవడమే కష్టం. అప్రస్తుత ప్రసంగి వారి తలలోనే పీట వేసుకొని కూర్చున్నాడు, లేవడు. కాబట్టి అవధానం లేదని కాదు, దానిని కావలసినచోట నిలిపి, అక్కరలేనిచోటి నుండి మరల్చే నిగ్రహం కుదరదు. ట్రాన్సిస్టరు ముందు కూర్చోగలగడం, పద్యం ముందు కూర్చోలేకపోవడం ఒకే లక్షణానికి రెండు ముఖాలని నాకు ఎవరూ చెప్పలేదు. మా పండిత శిక్షణలో ఛందస్సున్నది, వ్యాకరణమున్నది, పిల్లవాడి బుర్ర లేదు.

1902లో లండనులో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు ఇటువంటి పిల్లలను గూర్చి ఉపన్యాసాలిచ్చాడు. వారి తెలివిలో లోపం లేదంటూనే దానికి నైతిక నిగ్రహ లోపమని పేరు పెట్టాడు. అంత వైద్యుడికే అది నీతి సమస్యగా తోచినప్పుడు పల్లె బడి పంతులును నేనెంత అని సమాధానపడవచ్చును. కాని నా కాలానికి ఆ అభిప్రాయం మారి చాలా ఏళ్ళయింది. వంశపారంపర్యం ఇందులో బలమైన కారణమని నేడు నిశ్చయంగా తెలుసు. తండ్రీకొడుకులు ఒకే గుమ్మంలో నిలబడడంలో వింత లేదు.

ప్రపంచవ్యాప్త అధ్యయనాలను కలిపి చూస్తే పిల్లలలో నూటికి సుమారు 5గురికి ఇది ఉంటుందంటారు. ఆ లెక్కన నా అరవైమందిలో ముగ్గురు. ఒకడిని కొట్టాను. మిగిలిన ఇద్దరెవరో నాకిప్పటికీ తెలియదు. బహుశా కిటికీ ప్రక్కన కూర్చొని వేపచెట్టు చూస్తూ, ఏమడిగినా ఉలిక్కిపడే ఆ అమ్మాయి ఒకతె కావచ్చును. గోల చేయదు కనుక బుద్ధిమంతురాలని రిజిస్టరులో వ్రాశాను. ఆడపిల్లలలో ఇది తరచు ఇలాగే కనబడకుండా పోతుందట.

ఇక రెండవ వైపు. కుదురు లేని ప్రతి పిల్లవాడికీ ఈ పేరు తగిలించడం నాకు సమ్మతం కాదు. 2013 నాటి అమెరికన్ మనోవైద్య సంఘపు ప్రమాణాల ప్రకారం లక్షణాలు పన్నెండేళ్ళలోపే కనబడాలి, కనీసం ఆరు నెలలుండాలి, ఒక్క బడిలోనే కాక ఇంటి వంటి మరొక చోట కూడా ఉండాలి, చదువునో జీవనాన్నో దెబ్బతీయాలి. మా పడమటి మండలాలలో ఈ షరతులు మరీ ముఖ్యం. కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుండి వానలు తప్పిన ఏడు కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి, గుంటూరు మిరప తోటలకు, పోతాయి. పిల్లవాడు నెలల తరువాత తిరిగి వచ్చి తరగతిలో కూర్చుంటే పాఠం అర్థం కాక దిక్కులు చూస్తాడు. అది రోగం కాదు. ఆదోనిలో ఇంట్లో కన్నడమో ఉర్దూయో మాట్లాడే పిల్లవాడు నా గ్రాంథికపు తెలుగుకు పరధ్యానంలో పడితే తప్పు నాది. వినికిడి, రక్తహీనత, నిద్ర, ఖాళీ కడుపు, ఇవన్నీ ముందు చూడాలి. అవి చూసిన తరువాత కూడా మిగిలినదానిని మాత్రం పొగరని త్రోసివేయరాదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పిల్లలలో వెదకవలసిన 30 సమస్యలలో ఇదీ ఒకటి. ఆ బృందం బడికి వచ్చినప్పుడు ఎత్తూ బరువూ చూస్తుంది. ఫలానా పిల్లవాడిని చూడండని చెప్పవలసినది రోజూ చూసే పంతులే. వికలాంగుల హక్కుల చట్టం 2016లో 21 వైకల్యాలను పేర్కొన్నారు. అందులో నిర్దిష్ట అభ్యసన వైకల్యమున్నది గాని దీని పేరు విడిగా లేదు. చేర్చవలసినదనే నా అభిప్రాయం.

మందును గూర్చి మా వీధిలో పెద్ద భయం. "పసివాడికి మత్తుమందా?" అంటారు. మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో నియంత్రణలో ఉన్న మందే, చీటీ లేనిదే ఇవ్వరు. ఆకలి తగ్గడం, నిద్ర పట్టకపోవడం వంటివి ఉండవచ్చును, వైద్యుడు కనిపెట్టి ఉండాలి. కాని ఏళ్ళ తరబడి పరీక్షకు నిలిచిన మందు అది. ఆరేళ్ళలోపు పిల్లలకైతే ముందు తల్లిదండ్రులకే శిక్షణ ఇవ్వాలంటారు. బెత్తానికి ఏ చీటీ అక్కరలేకపోయింది, ఎవరూ భయపడలేదు, 2009 విద్యాహక్కు చట్టం నిషేధించేవరకూ.

పెద్దయితే పోతుందనేదీ పూర్తిగా నిజం కాదు. పరుగులు తగ్గి లోపలి అలజడిగా మిగులుతుంది చాలామందిలో. నా శిష్యుడు ముప్ఫైయేళ్ళలో మగ్గం, ఆటో, జిన్నింగు మిల్లు, సెల్‌ఫోను మరమ్మతు అన్నీ చూశాడు. చివరిది నిలిచింది. నలభై దాటిన తరువాత తనకూ పరీక్ష చేయించుకున్నాడు. "ముందే తెల్సింటే నన్ను నేను తిట్టుకునేది తప్పేది సార్" అన్నాడు. నేను క్షమాపణ అడిగాను. "అయ్యో, మీకేం తెలుసు సార్" అన్నాడు. ఆ మాట ఓదార్పో, నిజమో, రెండూనో.

కొడుకు ఆదివారాలు మా యింటికి పద్యాలు నేర్చుకోవడానికి వస్తున్నాడు. కూర్చోమనను. వసారాలో ఆ కొసనుండి ఈ కొసకు నడుస్తూ చెబుతాడు, ఒక్కొక్క నడకకు ఒక పాదం. నిన్న మూడవ పాదం దగ్గర ఆగి, మా పెరట్లో ఉడుత ఎక్కడుంటుందని అడిగాడు. చూపించాను. వెనక్కి వచ్చి నాలుగవ పాదం చెప్పాడు.